తప్పుల ఫైలు

నేను చేసిన పని ముందే చెప్పేస్తాను. దాచిపెట్టి చివర్లో బయటపెడితే అదొక కథలా తయారవుతుంది, నాకది ఇష్టం లేదు. మా సార్ భార్య చనిపోయి ఆరేళ్ళు దాటింది. ఆమె అన్న మాటలు ముప్పై ఎనిమిది, ఒక పాత కంప్యూటర్లో, ఒక ఫైలులో, ఉన్నవి ఉన్నట్టుగా మిగిలాయి. ఆమె గొంతు రికార్డు చేసి పెట్టుకోవాలని ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు కాబట్టి సార్‌కు మిగిలినవి అవే. వాటిని పోగొట్టింది నేను. తెలియక జరిగిందిలే అని చాలామంది అన్నారు. కానీ ఆ మాటలు తీసేసేటప్పుడు ఏదో మేలు చేస్తున్నాననుకున్నాను. అది గుర్తొస్తే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

సార్ మార్కాపురంలో కంప్యూటర్ సెంటరు నడిపేవారు. పలకల గోడౌను మీద ఒక మేడగది, అందులో ఆరు కంప్యూటర్లు. కరెంటు పోతే అందరం మెట్ల మీదికి వచ్చి కూర్చునేవాళ్ళం, కింద లారీలోకి పలకల కట్టలు ఎక్కిస్తుంటే ఆ దుమ్మంతా మా మీదికే వచ్చేది. నేను కొమరోలు దగ్గర పల్లె నుంచి వచ్చి హాస్టల్లో ఉండి డిగ్రీ చదివేదాన్ని. అప్పటిదాకా చదివిందంతా తెలుగు మీడియం. ప్రోగ్రామింగ్ పుస్తకం తెరిస్తే ఆ ఇంగ్లీషుకు కళ్ళు తిరిగేవి.

నాలాంటి వాళ్ళ కోసమే సార్ సొంతంగా ఒక ప్రోగ్రామింగ్ భాష తయారు చేశారు. అందులో మాటలన్నీ తెలుగే. ఏదైనా తెర మీద చూపించాలంటే ‘చెప్పు’. ఒక పని పదిసార్లు చేయించాలంటే ‘మళ్ళీ’ అని మొదలుపెట్టి, అయిపోయిన చోట ‘చాలు’ అనాలి. మనం రాసినదాన్ని కంప్యూటరుకు అర్థమయ్యేట్టు మార్చే ప్రోగ్రామును కంపైలర్ అంటారు. అది కూడా సారే రాశారు, ఒక్కరే, నాలుగేళ్ళు కూర్చుని.

ఆ కంపైలర్‌కు నోరుండేది. మిగతా భాషల్లో తప్పు రాస్తే ఎర్రగా ఒక ఇంగ్లీషు ముక్క పడుతుంది, అంతే. సార్ భాషలో తప్పు రాస్తే ఎవరో పక్కన నిలబడి అన్నట్టుండేది. ‘చాలు’ రాయడం మరిచిపోతే తెర మీద ఇట్లా వచ్చేది: “మళ్ళీ అని మొదలుపెట్టి చాలు అనకుండా లేచి పోతివే. చట్రం బిగించి పో తల్లీ.” నేను రోజుకు పదిసార్లు చాలు మరిచిపోయేదాన్ని, రోజుకు పదిసార్లు ఆ మాట పడేదాన్ని. పక్కన కూర్చున్న పిల్లలు నవ్వేవాళ్ళు. పలకకు చట్రం బిగించడం అంటే మార్కాపురంలో అందరికీ తెలుసు కాబట్టి ఎవరికీ విడమరిచి చెప్పే పనిలేదు. సార్‌కు హాస్యం ఎక్కువ అనుకునేవాళ్ళం మేము. ఆ మాటలు సార్‌వి కావని మాకెవ్వరికీ తెలియదు.

తర్వాత నాకు హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. మొదటి నెలలోనే నా నోటికి సంకెళ్ళు పడ్డాయి. మీటింగులో ‘ఏంది’ అంటే ఒకమ్మాయి నవ్వి, మీది సీమా అని అడిగింది. సీమ వాళ్ళనడిగితే, కాదులే, మీది కోస్తా అన్నారు. ఇటు వాళ్ళకూ అటు వాళ్ళకూ కాని మాట మాది. నేను పంతం పట్టి నేర్చుకున్నాను. ‘అట్ల’ పోయి ‘అలా’ వచ్చింది, ‘ఈడ’ పోయి ‘ఇక్కడ’ వచ్చింది. నాయనతో ఫోన్లో మాట్లాడేటప్పుడు కూడా అదే మాట. “ఏందమ్మా, రేడియోలో మాట్లాడినట్టు మాట్లాడుతుండావు” అని ఆయన అంటే విసుక్కునేదాన్ని. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, తర్వాత నేను చేసిన పని చేతులతో చేసింది కాదు, ఈ సిగ్గుతో చేసింది.

ఇప్పుడు నేను గిద్దలూరులో ఉంటాను. ఇంటి నుంచే పని. పోయినేడు ఒక మధ్యాహ్నం సార్ ఫోన్ చేశారు. మూత్రపిండాలు రెండూ పాడైపోయాయని, వారానికి మూడు రోజులు డయాలసిస్‌కు పోతున్నారని అప్పుడే తెలిసింది. మా పడమటి ఊళ్ళలో ఈ జబ్బు మాట వింటే ఎవరూ ఆశ్చర్యపోరు, డయాలసిస్ హాల్లో ఎన్నో మంచం అని మాత్రం అడుగుతారు.

“నా భాషను ఫోన్లోకి తేగలవా తల్లీ?” అన్నారు. “కంప్యూటరు కాడ కూర్చోలేకుండా ఉండా. ఆడ మంచం మీద నాలుగు గంటలు పడుకోవాల. ఒక చెయ్యి కదపకూడదు. ఇంకో చెయ్యి ఖాళీనే గదా.”

తెస్తాను సార్ అన్నాను. అడిగింది సార్ కాబట్టి ఒప్పుకున్నాను, అది నిజమే. నేను కాకపోతే ఈ జిల్లాలో ఇంకెవరు చేయగలరు అనే పొగరు కూడా ఉండింది.

రైలెక్కి మార్కాపురం రోడ్డు స్టేషన్లో దిగి, ఆటోలో సార్ ఇంటికి పోయాను. సార్ కూతురు బట్టలు కుడుతూ ఆయన్ను చూసుకుంటుంది. ముందుగదిలో ఒక మూల ఆ పాత కంప్యూటరు ఉంది. సెంటరు మూసేసిన రోజు ఆరింట్లో ఒకటి ఇంటికి తెచ్చుకున్నారట. హార్డ్ డిస్కు గరగరమంటోంది. నేను లాప్‌టాప్‌లోకి ఫైళ్ళు ఎక్కించుకుంటుంటే సార్ పక్కనే కుర్చీలో కూర్చుని చూశారు. చాలా చిక్కిపోయారు, చొక్కాలో సార్ ఎక్కడున్నారో వెతుక్కోవాల్సి వచ్చింది.

“తప్పుల ఫైలు మాత్రం జాగర్త తల్లీ” అన్నారు. తప్పు రాస్తే పడే మాటలన్నీ ఉండేది ఆ ఫైల్లోనే.

“ఒక్క తప్పు కూడా పోదు సార్” అన్నాను నేను.

ఎనిమిది నెలలు పట్టింది. ఆఫీసు పనయ్యాక పొద్దున రెండు గంటలు, ఆదివారాలు పూర్తిగా. ఒక కంపైలర్‌ను ఒకచోటు నుంచి ఇంకోచోటికి మార్చడం అంటే సామాను లారీలో వేసుకుని ఇల్లు మారడం లాంటిదని నేను మొదట్లో అనుకున్నాను. కాదు. పాత కంప్యూటరు ఒకేసారి ఒకే పని చేసేది. ప్రోగ్రాం ‘అడుగు’ అంటే, ఎదుటి మనిషి జవాబు టైపు చేసేదాకా ఎంతసేపైనా ఊరుకుని కూర్చునేది. సార్ భాష మొత్తం ఆ ఓపిక మీద కట్టింది. ఫోన్లో బ్రౌజరు అట్లా కూర్చోదు. అది ఒక్క క్షణం ఆగితే తెర మొత్తం బిగుసుకుపోతుంది.

“ఆగమంటే ఆగదా?” అన్నారు సార్ ఫోన్లో.

“ఆగదు సార్. మనమే ప్రోగ్రామును ముక్కలు చేసి, ఎక్కడిదాకా వచ్చామో గుర్తుపెట్టుకుని, జవాబొచ్చాక అక్కడి నుంచి ఎత్తుకోవాలి.”

“దానికంత తొందరేందో” అన్నారు. ఆ ఒక్క ముడి విప్పడానికే నాకు మూడు నెలలు పోయాయి. సార్ రాసిన ప్రతి వరసా చదివాను. అంత శుభ్రంగా రాసినవాళ్ళను నేను మా కంపెనీలో కూడా చూడలేదు. చదివేకొద్దీ ఆయన మీద గౌరవం పెరిగింది, ఆయన మాట్లాడే యాస మీద మాత్రం పెరగలేదు.

అట్లా చివరికి తప్పుల ఫైలు దగ్గరికి వచ్చాను. సార్ దాన్ని రాసిన కాలంలో తెలుగు అక్షరాలకు ఇప్పటిలాంటి ఏర్పాటు లేదు, సారే సొంతంగా ఒక ఫాంటు చేసుకుని, ఒక్కో అక్షరానికి ఒక్కో గుర్తు పెట్టుకున్నారు. మిగతా ఫైళ్ళను మార్చడానికి నేను చిన్న ప్రోగ్రాం రాసుకున్నాను. తప్పుల ఫైలును దాంట్లో వేసేటప్పుడు ఎక్కడో సెట్టింగు తప్పింది. తెరిచి చూస్తే ముప్పై ఎనిమిది వరసలూ ప్రశ్నార్థకాలే. పైనుంచి కిందిదాకా ప్రశ్నార్థకాలు తప్ప ఒక్క అక్షరం లేదు. అదే ఫైలు మీద సేవ్ అయిపోయింది కూడా.

మార్కాపురం పోయి మళ్ళీ ఎక్కించుకు రావచ్చు. ఒక పూట పని. నేను పోలేదు. ఎట్లాగూ అవి మార్చాల్సినవే కదా అనుకున్నాను. ఈ భాషను రేపు ఎవరైనా చూస్తే, ‘లేచి పోతివే’ ఏమిటి, ‘ఎవురమ్మా’ ఏమిటి, సార్ పరువు పోదా అనుకున్నాను. ఏ వరస ఏ తప్పుదో కంపైలర్లో చూసుకుంటూ, కూర్చుని ముప్పై ఎనిమిదీ కొత్తగా రాశాను, పాఠ్యపుస్తకం తెలుగులో. ‘ఈ చరరాశి నిర్వచింపబడలేదు.’ ‘పునరావృత ఖండమునకు ముగింపు లేదు.’ ‘సున్నాతో భాగహారము చెల్లదు.’ రాసినవి మా ఆయనకు చదివి వినిపించి, బాగున్నాయా అని కూడా అడిగాను. బాగున్నాయన్నాడు పాపం.

పనయిపోయిన వారానికి సార్ కూతురు ఫోన్ చేసింది. “కుట్టు మిషను ఇంకోటి తెచ్చుకున్నా అక్కా. ఆ పాత కంప్యూటరుతో ఇంకేమన్నా పనుందా? ఊరికే మూల పట్టుకోని ఉండాది.”

“ఏం లేదు. అంతా నా దగ్గరే ఉంది. ఇచ్చేయ్” అన్నాను. పాత సామాన్లతను వచ్చి తీసుకుపోయాడట. సార్ ఆ పూట డయాలసిస్‌లో ఉన్నారు. సాయంత్రం వచ్చి ఖాళీ మూల చూసి, ఫోన్లోకి వచ్చేసిందిలే అన్నారట.

మర్నాటికి మర్నాడు నేను స్వయంగా పోయాను, చూపించాలని. ఆస్పత్రి హాల్లో వరసగా మంచాలు, మంచానికొక యంత్రం. సార్‌ది కిటికీ పక్క మంచం. ఎడమ చేతి నుంచి గొట్టాలు, కుడి చేతిలో ఫోను. నేను స్టూలు లాక్కుని కూర్చున్నాను. నేర్చుకునే పిల్ల పరీక్ష పేపరు ఇచ్చి నిలబడ్డట్టే ఉంది నాకు.

సార్ ముందుగా ‘చెప్పు పేరు’ అని రాశారు. పేరు అంటే ఏమిటో చెప్పకుండానే. తప్పు పడింది. చదివారు. చెరిపేశారు. తర్వాత ‘మళ్ళీ’ అని రాసి ‘చాలు’ రాయలేదు. మళ్ళీ తప్పు పడింది. దాన్ని చాలాసేపు చదివారు. మూడోసారి సున్నాతో భాగించారు.

“మొదటి రోజే ఇన్ని తప్పులా సార్” అని నవ్వాను.

సార్ నవ్వలేదు. “బాగుంది తల్లీ” అన్నారు. “తెలుగు బాగుంది.” ఫోను పొట్ట మీద బోర్లా పెట్టుకున్నారు. “పాతవి యాడ పెట్టినావు?” అన్నారు.

“ఏ పాతవి సార్?”

“ఆమె చెప్పినవి.”

అప్పుడు చెప్పారు సార్, ఆగి ఆగి, నర్సు వచ్చి పోతుంటే మధ్యలో మానేస్తూ. ఆయన భార్య పలకల ఫ్యాక్టరీలో పనిచేసింది. బిగించిన పలకలను ఒక్కొక్కటే తట్టి, పగులున్నది పక్కన పెట్టడం ఆమె పని. కొత్తగా చేరిన ఆడపిల్లలకు పని నేర్పేది కూడా ఆమే. పిల్లలు ఏడవకుండా తప్పు చెప్పడం ఆమెకు తెలుసునని ఊరంతా అనేవాళ్ళట. సార్ తన కంపైలర్‌కు తప్పుల మాటలు రాయబోతే ఒక్కటీ కుదరలేదు, అన్నీ మేష్టారు బెత్తం పట్టుకున్నట్టు వచ్చాయి. అందుకని సాయంత్రం పొయ్యి దగ్గర ఆమె ముందు కూర్చుని, ఒక్కో తప్పునూ ఫ్యాక్టరీ పనిగా మార్చి అడిగేవారట. ఒక పిల్ల పని సగంలో విడిచి లేచిపోయిందనుకో, నువ్వేమంటావు? నీకు చెప్పకుండా ఎవరో కొత్తపిల్లను తెచ్చి కూర్చోబెట్టినారనుకో, ఏమంటావు? ఆమె రొట్టె కాలుస్తూ ఏమంటే అది, అక్షరం మార్చకుండా రాసుకున్నారు.

“ఇంట్లో మేము మాట్లాడుకునేది ఉర్దూ తల్లీ” అన్నారు సార్. “తెలుగు ఆమెది ఫ్యాక్టరీ తెలుగు. పిల్లోళ్ళతో మాట్లాడేది అదే. ఆ తెలుగులో నాకు తెలిసినవి ఆ ముప్పై ఎనిమిదే.”

ఆమె పోయినప్పటి నుంచి ప్రతి రోజూ ఆ గరగరమనే కంప్యూటరు ముందు కూర్చుని సార్ కావాలని తప్పులు రాసుకునేవారు. కూర్చోలేని రోజు వచ్చాక నాకు ఫోన్ చేశారు. ఫోన్లో భాష దేనికి కావలసి వచ్చిందో, నేను ఎనిమిది నెలల్లో ఒక్కసారి కూడా అడగలేదు.

ఆ స్టూలు మీదే కూర్చుని ఏడ్చాను. ఏడుస్తుంటే పక్క మంచం మీదావిడ, ఏమ్మా, ఆయన మీ నాయనా అని అడిగింది. సార్ నన్ను తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని.

అక్కడి నుంచి లేచి పాత సామాన్ల దుకాణాల వెంట తిరిగాను. మూడోది అదే దుకాణం. డబ్బా ఉంది. అతను మూత తీసి చూపించాడు. “లోపలి సామాను అప్పుడే ఒంగోలుకు పోయింది మేడమ్. డబ్బా అయితే తీసుకపో” అన్నాడు. డబ్బా ఏం చేసుకోను? పాత విద్యార్థులకు ఫోన్లు చేశాను. ఒక్కరి దగ్గరా ఒక ఫ్లాపీ లేదు, సీడీ లేదు. అందరికీ నవ్విన సంగతి గుర్తుంది, మాట గుర్తులేదు. “ఏదో పలక గురించి ఉండేది గదనే” అంది నా హాస్టల్ స్నేహితురాలు. లాప్‌టాప్‌లో పోయినదాన్ని వెనక్కి తెచ్చే ప్రోగ్రాములన్నీ నడిపించాను. ప్రశ్నార్థకాలనే తిరిగి తెచ్చి ఇచ్చాయి.

అప్పుడు నేనే సార్‌తో అన్నాను, గుర్తు తెచ్చుకుందాం సార్, మీరు చెప్పండి, నేను రాస్తాను అని. నాలుగు వారాలు సోమవారం సోమవారం పోయి ఆ స్టూలు మీద కూర్చున్నాను. రోజూ చదివినవే కదా, వస్తాయిలే అనుకున్నాం ఇద్దరం. కానీ తెర మీద చూసి చదివేవాటిని మనం గుర్తుపెట్టుకోము. అక్కడుంటాయన్న ధీమాతో వదిలేస్తాం. సార్ కళ్ళు మూసుకుని చెప్పేవారు, కాదులే అనేవారు, ఇంకోలా చెప్పేవారు. మొత్తానికి పదకొండు వచ్చాయి.

నాకు మూడు గుర్తున్నాయి. విద్యార్థిగా నేను మూడే రకాల తప్పులు పదేపదే చేసేదాన్ని, అందుకని. చాలు మరిచిపోయినప్పటిది ఒకటి. పేరు ముందుగా చెప్పనప్పుడు వచ్చేది, “ఎవురమ్మా ఈ పిల్ల? ముందు నాకు చూపించి కూర్చోబెట్టు.” సున్నాతో భాగించినప్పుడు వచ్చేది, “పంచేదానికి ఈడ ఎవురూ లేరు. మనుషుల్ని పిలిచి అప్పుడు పంచు.” ఆ మూడూ నేను బయటికి చెప్పినప్పుడు, ఇరవై ఏళ్ళుగా నేను తొక్కిపెట్టిన మాట నా నోట్లోంచి వచ్చింది. సార్ కళ్ళు తెరవలేదు. “ఆమెదే” అన్నారు మూడుసార్లు.

పద్నాలుగూ ఫోన్లో ఎక్కించి ఇచ్చాను. మిగిలిన ఇరవై నాలుగు తప్పులకు నా పాఠ్యపుస్తకం మాటలే ఉంచాను. సార్ అన్నీ ఒక్కొక్కటే రప్పించి చూశారు. తర్వాతి సోమవారం నేను పోయేసరికి నా కోసమే చూస్తున్నారు.

“నేను చెప్పిన పదకొండూ తీసెయ్ తల్లీ.”

“ఎందుకు సార్?”

ఫోను నా వైపు తిప్పారు. అంకె ఉండాల్సిన చోట మాట రాస్తే వచ్చేది, “అంకె పెట్టాల్సిన చోట అక్షరాలు పెట్టొద్దు.” వరస మరీ పొడుగైతే వచ్చేది, “ఇంత పొడుగు రాయొద్దు, విరిగిపోతాది.”

“సూడు. అన్నిట్లో వద్దు, వద్దు అనే. ఆమె వద్దు అని అనేది కాదు. ఏం చెయ్యాల్నో చెప్పేది. నువ్వు చెప్పిన మూడిట్లో సూడు, బిగించి పో, కూర్చోబెట్టు, పిలిచి పంచు. ఇవి నేను చెప్పినవి. ఆమె చెప్పిందని అనుకోని నేను చెప్పినా.”

వద్దులన్నీ మార్చి రాద్దాం సార్ అన్నాను. మార్చితే అది కూడా మనమే కదా అన్నారు. “నీవే పెట్టు తల్లీ. నీవైతే ఆమెవి కాదని సూస్తానే తెలుస్తాది.”

పదకొండూ తీసేసి నావి పెట్టాను. ఆయన ముందే, ఆ స్టూలు మీదే కూర్చుని చేశాను, పది నిమిషాల పని.

ఇప్పటికీ సోమవారాలు పోతున్నాను. సార్ చూపు కూడా తగ్గింది, అక్షరాలు పెద్దవి చేసి ఇచ్చాను. ఆయన ఆ భాషలో ఏ ప్రోగ్రామూ పూర్తి చేయరు. ‘మళ్ళీ’ అని రాసి వదిలేస్తారు, వచ్చింది చదువుతారు, చెరిపేస్తారు. లేని పేరు రాస్తారు. సున్నాతో భాగిస్తారు. గొట్టాల్లో రక్తం పోయి వస్తుంటే నాలుగు గంటలూ ఆ మూడు తప్పులే చేస్తుంటారు. నాలుగో తప్పు పొరపాటున కూడా పడకుండా, ఒక్కో అక్షరం చూసుకుంటూ, చాలా జాగ్రత్తగా రాస్తారు. అది పడితే వచ్చేది నా వాక్యం.